అచ్చుతప్పుల వెల

రైతుబజారులో కూరలకు వెల చెల్లించు వేళ పది రూపాయల బిళ్ల యొకటి చేతిలో పెట్టగా, ఆ కూరలమ్ము ముసలామె దానిని వెలుతురువైపునకు త్రిప్పి, బొటనవ్రేలితో అంచు తడిమి, సింహముల నొకమాఱును గీతల నొకమాఱును పరికించి, చివరకు “ఈ బిళ్ల చెల్లదు బాబుగారూ, నోటుంటే చూడండి” అని మఱల నా చేతికే ఇచ్చివేయుట ఈ మధ్య తఱుచుగా జరుగుచున్నది. పది గీతలున్న బిళ్ల అసలుదనియు, పదునైదు గీతలున్నది దొంగదనియు ఎవడో పుట్టించిన మాట ఊళ్లు దాటి, జిల్లాలు దాటి, ఇంకను నడచుచునే యున్నది. అప్పటివఱకు 14 తీరుల పది రూపాయల నాణెములు వెలువడినవనియు, అవన్నియు చెల్లుననియు రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినను, ఆ ప్రకటనము వదంతి నడచినంత దూరము నడవలేకపోయినది. దీనిని గూర్చి విసుగుకొనుట సులభము. కాని నా మనస్సును వదలక వెంటాడునది ఆ నిరాకరణము కాదు, ఆ పరీక్ష. డబ్బును లెక్కించుటయే గాని డబ్బును చూచుట అలవాటు లేని మనబోటివారిలో ఎందఱు ఒక నాణెమును అంత శ్రద్ధతో, అంత సేపు, దాని పుట్టుకనే ప్రశ్నించుచున్నట్లు చూచియుందురు?

అటువంటి చూపునే మఱియొకచోటను చూచియున్నాను. హైదరాబాదులో నాణెముల సేకర్తలు కూడిన యొక ప్రదర్శనమున, బల్లలపై పఱచిన ముఖమలు గుడ్డలమీద మొగలాయీ మొహరీలును, నిజాముల చార్మినారు రూపాయలును, కుంపిణీవారి రాగి దుడ్లును వరుసలు తీరియుండగా, ఒక మూల బల్లయొద్ద కూర్చున్న విశ్రాంతోద్యోగి యొకరు నగల పనివారు వాడు భూతద్దమును కంటికి అదిమి, ఎక్కడను వింత లేని నిన్న మొన్నటి రూపాయి బిళ్ల నొకదానిని అంచు వెంబడి త్రిప్పి త్రిప్పి చూచుచుండిరి. అంత రాజసము నడుమ ఈ రూపాయి కేమి పని యని యడిగితిని. “అంచు పట్టుకోండి మాస్టారూ, మొహం మీద వేలు పెట్టకండి” అని హెచ్చరించి ఆయన దానిని నా చేతికిచ్చిరి. ఒక వైపున అశోకస్తంభపు సింహములు యథావిధిగా ఉబ్బియున్నవి. రెండవ వైపు త్రిప్పితిని. రూపాయి అంకె యుండవలసిన తావున అంకె లేదు, అక్కడను అవే సింహములు, అయితే ఉబ్బి కాక లోనికి అణగి, కుడి యెడమలు తాఱుమాఱై, చుట్టునున్న అక్షరములు అద్దములో చూచినట్లు వెనుకకు నడచుచు, ఆ నునుపైన గుంటలలో దీపపు వెలుతురు నిలిచియున్నది. సింహము ముక్కుండవలసిన చోట పల్లము. మెడ జూలుండవలసిన చోట గీతలు త్రవ్విన చాళ్లు. “లఖీ అంటామండీ దీన్ని” అని ఆయన మందహాసముతో పలికి, దానిపై వ్రాసియున్న వెల చూపిరి. అది రూపాయికి వందల రెట్లు. బజారు తన కనుమానము తోచిన బిళ్లను పది రూపాయలకు సైతము తీసికొనదు; ఇక్కడ కంటికి స్పష్టముగా చెడిపోయిన బిళ్లకు ఇంత గౌరవము. ఒకే చూపు, రెండు తీర్పులు. ఈ రెండింటిలో ఏది నాణెమును ఎఱిగిన తీర్పు?

లఖీ పుట్టుక విచిత్రమైనది. టంకశాలలో లోహపు రేకునుండి గుండ్రని వట్టి బిళ్లలను కోసి, కొలిమిలో కాల్చి మెత్తబఱచి, కడిగి, అంచు లేపి, చుట్టును బిగబట్టియుంచు ఉక్కు వలయములో, పైన నొకటియు క్రింద నొకటియుగా నున్న రెండు ఉక్కు అచ్చుల నడుమకు త్రోయుదురు. ఒక్క పోటుతో రెండు ముఖములును, అంచును సిద్ధమగును. నేటి యంత్రములు నిమిషమునకు 700 పోట్లకు మించియు పొడువగలవు. ఆ వేగములో ఎప్పుడో యొకప్పుడు, అచ్చైన నాణెము క్రిందికి రాలక అచ్చునకే అంటుకొని మిగిలిపోవును. వెనుకనే వచ్చిన వట్టి బిళ్లకు ఒక వైపున అచ్చు తగులును. రెండవ వైపున అచ్చునకు బదులు, అంటుకొనియున్న ఆ నాణెపు ముఖమే తగులును. అనగా ఒక క్షణము ముందు పుట్టిన అక్క ఆ ఒక్క పోటుకు చెల్లెలికి తల్లి యగుచున్నది. ఇట్లే వట్టి బిళ్ల వలయములో సరిగా కూర్చుండనిచో బొమ్మ ప్రక్కకు జరిగి నెలవంకయంత చోటు బోసిగా మిగులును. రేకు ముందునకు జరుగకమునుపే కోతపోటు పడెనా, వెనుకటి రంధ్రపు వంపు బిళ్ల అంచును కొఱికినట్లు కనబడును. వలయము పైకి లేవనిచో లోహము చుట్టును పరచుకొనిపోయి నాణెము తన జాతికంటె వెడల్పగును. ఇన్ని తీరుల చెడుటలో ప్రతిదానికిని ఒక కారణము కలదనియు, ఆ కారణము బిళ్లపైననే వ్రాసియున్నదనియు ఆయన చెప్పుచుండగా, ఇది దోషముల పట్టికయా, జాతకచక్రమా యని నాకు సందేహము కలిగినది.

అరుదైనది గనుక వెల యందుమా? మొదట తోచు సమాధానమది; కాని కొంచెము నిలిపి చూచినచో నిలువదు. నా చిన్ననాడు మా ఊరి స్టేషను దాటిన తరువాత పట్టాలమీద అల్యూమినియము పైసా బిళ్లలను పేర్చి, గూడ్సుబండి పోవువఱకు తుమ్మచెట్ల చాటున నక్కి, పిమ్మట పరుగెత్తి ఆ వేడి వేడి రేకులను ఏఱుకొనెడివారము. ఏ రెండును ఒక్క తీరున సాగెడివి కావు. ఒకదానిపై అంకె నిడుపై మిగిలెడిది, మఱియొకదానిపై ఏమియు మిగిలెడిది కాదు. అరుదుతనమే వెలయైనచో ప్రపంచములో రెండవది లేని ఆ రేకులకు ఎంత వెల పలుకవలెను? సేకర్తలు వానిని కన్నెత్తియు చూడరు. సుత్తిదెబ్బ తిన్నది, ఆకురాయి పట్టినది, నిప్పులో పడినది, గొలుసునకు కట్టుటకు రంధ్రము పొడిచినది, ఇవన్నియు వారి భాషలో కేవలము దెబ్బతిన్న నాణెములు. టంకశాల గడప దాటిన పిమ్మట జరిగినదంతయు నష్టము. గడప లోపల జరిగినది మాత్రమే రత్నము. భూతద్దముతో ఆయన వెదకుచుండినది తప్పును కాదు, తప్పు యొక్క జన్మస్థానమును. ఇందొక న్యాయము కలదో, ఒక గర్వము కలదో చెప్పజాలను. అధికారము గలవాడు చేసిన పొరపాటు చరిత్ర యగుచు, అనామకుడు చేసినది పాడుచేతయగు వ్యవహారము నాణెములకు మాత్రమే పరిమితమైనది కాదు గదా!

మఱి కథ యున్నది గనుక వెలయా? సేకర్తలు కథలను ప్రేమింతురనుట నిజము. అమెరికాలో 1955 నాటి జంటముద్ర సెంటు కథ వారికి పురాణము. ఆ కాలమున మూలముద్రను ఉక్కు దిమ్మెలోనికి ఒత్తి అచ్చును తయారుచేయునపుడు, ఉక్కు గట్టిపడుటచే ఒక్కసారితో పని ముగియక, దిమ్మెను కాల్చి మెత్తబఱచి మఱల ఒత్తవలసి వచ్చెడిది. ఫిలడెల్ఫియా టంకశాలలో ఒక అచ్చు విషయమున రెండవ ఒత్తుడు వెండ్రుకవాసి ప్రక్కకు తిరిగినది. దానినుండి పుట్టిన ప్రతి సెంటుపైనను సంవత్సరమును, అక్షరములును కన్నులు చెమ్మగిల్లినప్పుడు కనబడునట్లు రెండేసిగా కనబడినవి. దోషము బయటపడునప్పటికి ఆ సెంట్లు లక్షలాది మంచి సెంట్లలో కలిసిపోయినవి. అన్నింటిని కరగించుట కంటె పోనిచ్చుటయే మేలని తలంచి అధికారులు పోనిచ్చిరి. సుమారు ఇరువది వేలకు పైగా అట్లు లోకములోనికి జాఱినవి. జాఱి ఎక్కడ తేలినవి? సిగరెట్టు పెట్టెలలో. యంత్రములో 25 సెంట్లు వేసినచో 23 సెంట్ల పెట్టె వచ్చెడి రోజులవి. మిగిలిన రెండు సెంట్లను పెట్టెపైనున్న పలుచని కాగితపు పొరలోనే ఉంచి అమ్మెడివారు. పొగత్రాగువాడు పొర చింపి చిల్లరను జేబులో వేసికొనుచు, ఈ సెంటేమి యిట్లున్నదని ఒక్క క్షణము ఆగినచో ఆతనికి అదృష్టము, ఆగనిచో సెంటు సెంటే. ఎందఱాగియుందురు? అచ్చు వేసిన యంత్రము చూడలేదు, మూటలు కట్టినవారు చూడలేదు. చూచిన మొదటివాడే ఆ తప్పును తప్పుగా పుట్టించినాడని చెప్పవచ్చును.

1943 నాటి రాగి సెంటు కథ ఇంతకంటెను వింతది. యుద్ధసామగ్రికి రాగి కావలసివచ్చుటచే ఆ యేడు సెంట్లను యశదము పూసిన ఉక్కుతో అచ్చువేసిరి. వెనుకటి యేటి కంచు బిళ్లలు కొన్ని తొట్ల మూలలలో చిక్కుకొని మిగిలి, ఉక్కు బిళ్లలతో కూడి అచ్చుల నడుమకు పోయినవి. అట్టి సెంటు ఎవరైన తెచ్చి చూపినచో ఫోర్డు కారు నిత్తురని యొక వదంతి దేశమంతయు వ్యాపించినది. ఇచ్చినవారును లేరు, పుచ్చుకొన్నవారును లేరు, కాని ఆ వదంతి మూలమున లక్షలమంది తమ చిల్లరను క్రుమ్మరించి చూచుట నేర్చిరి. ఉక్కు సెంట్లకు రాగిపూత పూసి అమ్మజూచిన మోసగాండ్రును బయలుదేఱిరి. వారి గుట్టును బయటపెట్టుటకు ఒక అయస్కాంతపు ముక్క చాలును, ఉక్కైనచో అంటును, కంచైనచో అంటదు. మసాచుసెట్స్ రాష్ట్రములో 1947 లో బడి భోజనశాల ఇచ్చిన చిల్లరలో ఒక విద్యార్థికి అట్టి కంచు సెంటు దొరకినది. అటువంటివి లేనేలేవని అధికారులు చెప్పినను నమ్మక ఆతడు దానిని జీవితాంతము దాచుకొనెను; 2019 లో వేలములో అది రెండు లక్షల డాలర్లు దాటినది. కథలు బాగుగనే యున్నవి. కాని కథలన్నియు వెలను పెంచినవే కాని పుట్టించినవి కావు; ఏ కథయు లేక, ఎవరి చేతిలో ఎప్పుడు పడినదో తెలియని లఖీ కూడ ఆ బల్లపై తన వెల తాను చెప్పుకొనుచునే యున్నది.

కథ కాదు, సాక్ష్యము కావచ్చును. పుస్తకములతో కాలము గడిపినవాడను గనుక నా ఆలోచన తాళపత్రముల వైపునకు మరలినది. వ్రాయసకాడు కావ్యాంతమున, ప్రతిలో ఎట్లున్నదో అట్లే వ్రాసితిని, తప్పున్నచో నాపై నింద మోపవలదని వేడుకొనుచు ఒక శ్లోకము కూర్చుట మన ఆచారము. ఆ తప్పులనే తరువాతి పండితులు దీపములుగా పట్టుకొనిరి. పుణెలోని భాండార్కరు సంస్థలో సుఖఠంకరు మున్నగువారు మహాభారతపు వ్రాతప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి పరిష్కరించునపుడు, ఏ ప్రతి ఏ కుటుంబమునకు చెందినదో తేల్చుటకు కావలసినది ప్రతుల నడుమ భేదమే. రెండు ప్రతులు ఒకే మంచిపాఠమును చూపుటలో విశేషమేమియు లేదు, నిజము ఎవరికైనను ఒక్కటే. రెండును ఒకే తప్పును చూపినచో మాత్రము అవి ఒక తల్లి బిడ్డలని అనుమానింపవచ్చును. నాణెశాస్త్రజ్ఞుడును ఈ బాటనే నడచును. అచ్చులో సన్నని పగులు పుట్టినచో, దాని చాయ నాణెముపై ఉబ్బిన గీతగా పడును. పగులు పెరిగినకొలది గీత పెరుగును. ఆ గీత నిడివిని చూచి ఏ నాణెము ముందు పుట్టినదో, ఏది వెనుక పుట్టినదో చెప్పగలడు. సంవత్సరము వేయని ప్రాచీన నాణెములను ఈ విధముగనే అచ్చుల బంధుత్వమును బట్టి వరుసలో కూర్చి, రాజుల వరుసను సైతము కొంత తేల్చుచుందురు. మచ్చ లేని నాణెము తన్ను గూర్చి ఏమియు చెప్పదు. రాజు పేరు చెప్పును, విలువ చెప్పును, అంతే. మచ్చ యున్నదే తాను ఏ యచ్చున, ఏ వరుసలో, ఏ దెబ్బకు పుట్టినదో చెప్పును.

ఇంతవఱకు వచ్చి సంతృప్తి పడవలసినదే. కాని అదే ప్రదర్శనమున మఱియొక బల్లపై చూచిన శాతవాహనుల సీసపు నాణెములు నా సంతృప్తిని చెడగొట్టినవి. కోటిలింగాల మొదలైన చోట్ల దొరకెడి ఆ కాలపు నాణెములను చూడుడు: బిళ్ల చిన్నది, అచ్చు పెద్దది, ఏనుగు తొండముండినచో కాళ్లుండవు, రాజు పేరులో సగము బిళ్లపై నున్నచో సగము గాలిలో కలిసిపోయినది. రోమనుల వెండి దెనారియసులలోను లఖీలు కలవు. అక్కడ సుత్తి పట్టినవాడు ముందటి బిళ్ల తీయుట మఱచి రెండవ దెబ్బ వేసినాడు. చేతితో కొట్టిన కాలమున ముద్ర ప్రక్కకు పోవుట దోషము కాదు, స్వభావము. కనుక సేకర్త అచ్చట తలక్రిందుగా బేరమాడును: ముద్ర నట్టనడుమ పడి, పేరు పూర్తిగా చదువ వచ్చిన బిళ్ల దొరకినచో దానికే అధికమైన వెల. హైదరాబాదులోని సైఫాబాదు టంకశాలలోనో ఫిలడెల్ఫియాలోనో పుట్టినదైనచో ప్రక్కకు జరిగినదానికి వెల. శాతవాహనులదైనచో ప్రక్కకు జరుగనిదానికి వెల! తప్పులోనే ఒక స్వయంసిద్ధమైన విలువ యున్నచో ఈ తాఱుమాఱు ఏల జరుగవలెను? ఇక్కడనే నాకు చిక్కు వీడినట్లు తోచినది. వెల తప్పునకు కాదు, ఒప్పునకు కాదు; చుట్టునున్న కోట్ల బిళ్లలకును ఆ ఒక్క బిళ్లకును నడుమ నున్న దూరమునకు. ఆ దూరమును సృష్టించినది యంత్రము. మాథ్యూ బౌల్టను 1788 లో బర్మింగుహాము సమీపమున సోహోలో ఆవిరియంత్రముతో నాణెములు కొట్టుట ఆరంభించెను. కొద్ది యేండ్లకే, 1794 లో, మన కోస్తా ఉత్తర సర్కారుల కొఱకు కుంపిణీవారి రాగిబిళ్లలు అక్కడనే అచ్చై ఓడలెక్కి వచ్చినవి. వంకరటింకర దుడ్లకు అలవాటుపడిన మన సంతలలో, ఒకదాని ప్రతిరూపమై యొకటి, అన్నియు ఒకే గుండ్రన, ఒకే మందము గలిగిన ఆ బిళ్లలను మొట్టమొదట చేతబట్టినవారు ఏమనుకొనియుందురో! ఒకవేళ ఆ ఒకేతనమునే శంకించియుందురా?

ఒకేతనము నమ్మకమైన పిమ్మటనే భేదము భయమైనది. 1911 లో అయిదవ జార్జి బొమ్మతో వెలువడిన రూపాయి చరిత్ర ఇందులకు తార్కాణము. రాజు ధరించిన అలంకారములో చెక్కిన చిన్న ఏనుగు తొండము కుఱుచయై, పందిని పోలియున్నదని జనులు కలవరపడిరి. ముస్లిములు ఆ రూపాయిని తాకుటకే అభ్యంతరము చెప్పిరి. అచ్చైన సుమారు 94 లక్షలలో 7 లక్షలు మాత్రమే బయటికి వెళ్లియుండగా తక్కినవానిని కరగించి, మఱుసటి యేట ఏనుగు తొండమును, చెవిని స్పష్టముగా తీర్చి క్రొత్త అచ్చులు చేసిరి. బజారు త్రోసివేసిన ఆ రూపాయియే నేడు సేకర్తల పెట్టెలలో పంది రూపాయి యను పేర వెలిగిపోవుచున్నది. ఇది చూచిన తరువాత కూరలమ్మి తీర్పును, సేకర్త తీర్పును విరుద్ధములని అనుకొనుట తగదని నాకనిపించినది. టంకశాల బిళ్లలన్నియు ఒక్క తీరుననే యుండునను విశ్వాసము ఇద్దఱికిని సమానమే. ఆ విశ్వాసము దెబ్బతినినప్పుడు నష్టపోవువాడు జంకును, నష్టపోవని వాడు మురియును. పది రూపాయలతో సాయంత్రపు బియ్యము కొనవలసినవారికి వైచిత్ర్యమును ఆస్వాదించు తీఱిక ఎక్కడిది?

బుద్ధిపూర్వకముగా చేసిన తప్పునకు ఈ గౌరవము దక్కునా యని యొక శంక మిగిలినది. దక్కరాదని సేకర్తలు గట్టిగా చెప్పుదురు. టంకశాలలోనివారు కుట్రతో చేసిన వింతలను వారు చిన్నచూపు చూతురు. చెప్పుటకు చెప్పుదురు గాని, అమెరికాలో 1913 సంవత్సరము గల లిబర్టీ నికెలు సంగతి యేమి? ఆ బొమ్మ 1912 తోనే ముగిసినది. అయినను 1913 అంకెతో అయిదు బిళ్లలు ఏ లెక్కలోను చేరకుండ పుట్టి, 1920 లో టంకశాల మాజీ ఉద్యోగి యొకని చేతిలో బయటపడినవి. అది పొరపాటని ఎవరును వాదింపరు. అయినను వానిలో ఒకటి 2018 లో 45 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయినది. దీనితో నా సిద్ధాంతము కొంత కుంటుచున్నదని ఒప్పుకొనవలెను. అమాయకత్వమును సేకర్తలు ప్రేమింతురు, కాని అయిదే యున్నవన్నచో అమాయకత్వము లేకపోవుటను క్షమింతురు! అయినను వారితో మాటలాడినప్పుడు నేను గమనించినదేమనగా, ఆ అయిదింటిని గూర్చి వారు గొప్పగా చెప్పుదురు. లఖీని గూర్చి మాత్రము ముద్దుగా చెప్పుదురు. వెలలో తేలని భేదము గొంతులో తేలుచున్నది.

వారితో నాకు సమాధానపడని యొక విషయము కలదు. మా నాయనమ్మ కొంగున ముడివేసికొని తిరిగిన ఒక నిజాము నాణెమును ఆ విశ్రాంతోద్యోగికి చూపితిని. చార్మినారు నాలుగు మీనారులు నాలుగు నీడలుగా మిగిలినవి. నడిమి కమాను ద్వారములో ఉస్మాను అలీఖాను పేరిటి మొదటి అక్షరముండవలసిన చోట నునుపు తప్ప మఱేమియు లేదు. ఆయన వెలుతురున కెత్తి, మర్యాదగా చూచి, “బాగా అరిగిపోయిందండీ, దీనికేం రాదు” అనిరి. పుట్టునపుడు తగిలిన దెబ్బకు వందల రెట్లు. జీవితమంతయు అరిగినందులకు సున్న. ఇది ఏమి లెక్క యని అప్పుడు నొచ్చుకొంటిని. నిదానముగా ఆలోచింపగా వారి లెక్కకు వారి కారణము కలదని తెలిసినది: అరుగుదల అన్ని నాణెములకును రాసిపెట్టియున్నది, ఎన్ని వేల వ్రేళ్లు ఆ చార్మినారును చెఱిపినవో ఏ భూతద్దమును చెప్పజాలదు, లఖీ మాత్రము ఒకే క్షణమును, ఒకే పోటును వ్రేలుపెట్టి చూపును. సేకర్త కొనునది ఆ క్షణమును. జీవితమును కొనుట ఆతని వృత్తి కాదు. కారణమును అంగీకరించితిని, నాణెమును మాత్రము జేబులో వేసికొని వచ్చితిని.

అయితే ఈ లెక్కలో ఇంకను చేరని వారొకరు కలరు. చిలీ దేశములో 2008 నాటి ఏబది పెసోల నాణెముపై దేశము పేరులోనే ఒక అక్షరము తప్పుపడినది. మఱుసటి యేటి చివరివఱకు ఎవరి కంటను పడలేదు. పడిన పిమ్మట జనులు ఆ నాణెములను దాచుకొనసాగిరి, టంకశాల అధిపతికి ఉద్యోగము పోయినది. తప్పునకు వెల వచ్చినది, తప్పు చేసినవానికి వేటు పడినది. బ్రిటనులో 2008 లో ఇరువది పెన్నీల నాణెమునకు క్రొత్త బొమ్మ కూర్చునపుడు సంవత్సరమును వెనుక ముఖమునుండి రాణి బొమ్మవైపునకు మార్చిరి; ఒక దఫాలో రాణివైపు పాత అచ్చునే బిగించుటచే, ఏ వైపునను సంవత్సరము లేని నాణెములు వేలకొలది వెలువడినవి. మూడు వందల యేండ్లకు పైగా అక్కడ అట్టిది జరుగలేదని పత్రికలు ఆశ్చర్యపడినవి. ఆ మూడు వందల యేండ్లును ప్రతి దఫాలోను సరియైన అచ్చును సరియైన చోట బిగించినవారు ఎవరు? వారిని గూర్చి ఏ పత్రికయు ఆశ్చర్యపడలేదు. హైదరాబాదులో 1903 లో సైఫాబాదుకు వచ్చిన నిజాము టంకశాల తరువాత 1997 లో చర్లపల్లికి తరలినది. పాత భవనము 2022 నుండి ప్రదర్శనశాలగా నున్నది. ఇప్పుడు మన జేబులలోని బిళ్లలపై సంవత్సరము క్రింద చిన్న నక్షత్రమున్నచో అది హైదరాబాదులో అచ్చైనదని గుఱుతు. ఆ నక్షత్రము గల బిళ్లలు కోట్లు. వానిలో తప్పినవి వ్రేళ్లపై లెక్కింపదగినవి కాకపోయినను, తప్పనివానితో పోల్చినచో లెక్కకు రానివి. లఖీకి వందల రెట్లు వెల యిచ్చువాడు, తాను తెలిసియో తెలియకయో, ఆ తప్పని కోట్లకే ఆ వెల కట్టుచున్నాడు. అవి లేనినాడు లఖీ శాతవాహనుల బిళ్లవలె సామాన్యమై పోయెడిది. తొట్టి మూలలు తడిమి పాత బిళ్లలు ఏఱివేయువారు, అచ్చుపై పగులు కనబడిన వెంటనే యంత్రము ఆపువారు, బల్లపై ప్రవహించు రూపాయలలోనుండి చెడినదానిని కరగుటకు త్రోసివేయువారు, వీరి జాగ్రత్తయే ఆ బల్లపై నమ్ముడగు వింతకు మూలధనము. ఆ జాగ్రత్త ఫలించినంత కాలము వారి పని ఎవరికిని కనబడదు. తప్పినచో సంజాయిషీ వ్రాసికొనవలసినది వారే. వేలములో సుత్తి పడి లఖీ చేతులు మాఱునపుడు వారికి మాత్రము చిల్లిగవ్వయు ముట్టదు.